కంటి సర్జన్ వృత్తి, విదేశాల్లో స్వచ్ఛంద సేవ: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో కంటి శస్త్రచికిత్సలు చేయడం నా వృత్తి. గత పన్నెండేళ్లలో ఆరుసార్లు టాంజానియాకు వెళ్లి, విక్టోరియా సరస్సు వైపున్న ఒక జిల్లా ఆసుపత్రిలో రెండు మూడు వారాల చొప్పున ఉండి, శుక్లాల ఆపరేషన్లు చేసి, అక్కడివారికి నేర్పి వచ్చాను. ఈ సంగతి తెలిసినవారు ఓపీలోనూ, పెళ్లి పందిళ్లలోనూ, ఒక్కోసారి అలిపిరి మెట్ల దారిలోనూ ఆపి అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. నిలబడి చెప్పే జవాబులో సగం మాట మిగిలిపోతుంది కనుక, అన్నిటికీ ఒకచోట రాసి పెడుతున్నాను.

కంటి సర్జన్ కావడానికి మొత్తం ఎన్నేళ్లు పడుతుంది?

ఇంటర్‌లో బైపీసీ చదివి, నీట్ రాసి ఎంబీబీఎస్‌లో చేరితే నాలుగున్నరేళ్ల చదువు, ఆపైన ఏడాది హౌస్ సర్జన్ పని ఉంటాయి. తరువాత పీజీ నీట్‌లో ర్యాంకు వస్తే ఎం.ఎస్. ఆప్తాల్మాలజీ (కంటి వైద్యం) గానీ డీఎన్‌బీ గానీ మూడేళ్లు. రెటీనా (కంటి వెనుక తెర), కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర), పిల్లల కళ్లు వంటి ఒక ఉపవిభాగంలో చేయి తిరగాలంటే మరో ఏడాది నుంచి రెండేళ్లు ఫెలోషిప్ చేయాలి. అంటే మొత్తం తొమ్మిదిన్నర నుంచి పదిన్నరేళ్లు. ఆ లెక్క పట్టాకు సంబంధించినది మాత్రమే. సీనియర్ పక్కన కూర్చుని చూస్తుండగా చేసే మొదటి వంద శుక్లాలు దాటేదాకా ఎవరూ తనను తాను సర్జన్ అనుకోకపోవడం మంచిది. కంటి లెన్సును పట్టి ఉంచే లోపలి సంచి చిరిగిపోయి, వెనుక ఉన్న జిగురు ముందుకు పొంగుకు వచ్చినప్పుడు కంగారు పడకుండా ఏం చేయాలో తెలియడానికి ఇంకా చాలా కళ్లు కావాలి.

మన ప్రాంతం పిల్లలకు ఇందులో కలిసివచ్చే విషయం ఒకటుంది. 1960లో మొదలైన శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల, దానికి అనుబంధమైన రుయా ఆసుపత్రి ఊళ్లోనే ఉన్నాయి. చిత్తూరు, పలమనేరు వైపువారికి గంటా రెండు గంటల ప్రయాణంలో వేలూరు క్రిస్టియన్ వైద్య కళాశాల ఉంది. చదువు కోసం దూరాలు పోనవసరం లేని జిల్లాలు మనవి.

మీరు కళ్ల విభాగాన్నే ఎందుకు ఎంచుకున్నారు?

మా అవ్వ చూపు పోవడం చూసి చలించి ఈ దారి పట్టాననే జవాబును చాలామంది ఆశిస్తారు. నిజానికి మా అవ్వ తొంభై ఏళ్ల వయసులో కూడా సూదిలో దారం ఎక్కించేది. నాకు వచ్చిన ర్యాంకుకు జనరల్ మెడిసిన్ దొరకలేదు, కళ్ల విభాగం దొరికింది. చేరిన ఆరు నెలలకు సూక్ష్మదర్శిని కింద కనుపాప వెడల్పు కావడం మొదటిసారి దగ్గరగా చూశాను. అప్పటి నుంచి మరో విభాగం మీదికి మనసు పోలేదు. ర్యాంకు తెచ్చిపెట్టిన సంబంధం కూడా మంచి కాపురమే అవుతుంది.

చేతులు కొంచెం వణికేవారు ఈ వృత్తికి పనికిరారా?

సూక్ష్మదర్శిని కింద అందరి చేతులూ వణుకుతాయి. మణికట్టును రోగి నుదుటి మీద, చిటికెన వేలిని చెంప ఎముక మీద ఆనించి పని చేయడం నేర్పుతారు కాబట్టి మామూలు వణుకు అడ్డు రాదు. అసలు అడ్డు వచ్చేది తొందర.

మన దగ్గరే చూపు లేనివారు ఇంతమంది ఉండగా విదేశాలకు వెళ్లడం ఎందుకు?

అన్నింటికన్నా ఎక్కువగా, కొంత కోపంగా కూడా అడిగే ప్రశ్న ఇదే. ఆ కోపంలో న్యాయం ఉంది కనుక కాస్త వివరంగా చెబుతాను.

జాతీయ స్థాయిలో అంధత్వ నివారణ కార్యక్రమాన్ని 1976లోనే మొదలుపెట్టిన దేశం మనది. అదే ఏడాది మదురైలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి పదకొండు పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రిని ప్రారంభించారు. ఇప్పుడు దాని శాఖ తిరుపతిలోనే ఉంది. కృష్ణా జిల్లా నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు వెనక్కి వచ్చి హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థను నిలబెట్టారు. వెదురుకుప్పంలోనో రామకుప్పంలోనో ఒక పెద్దాయనకు కంటికి పొర వచ్చిందంటే, ఆయనను బస్సు ఎక్కించే మనిషి ఉంటే చాలు, పైసా ఖర్చు లేకుండా ఆపరేషన్ అయ్యే చోట్లు చేరువలోనే ఉన్నాయి. ఆ మనిషి లేకపోవడం, కూలి పోతుందన్న దిగులు, ఈ వయసులో ఎందుకులే అన్న మాట మన దగ్గర మిగిలిన అడ్డంకులు. వాటిని దాటించడానికి సర్జన్ కన్నా ఆశా కార్యకర్త ఎక్కువగా ఉపయోగపడుతుంది.

ఆఫ్రికాలో పరిస్థితి వేరు. పది లక్షల జనాభాకు ముగ్గురు కంటి వైద్యులు కూడా లేని దేశాలు అక్కడ చాలా ఉన్నాయి, ఆ ఉన్నవారిలోనూ ఎక్కువమంది పెద్ద నగరాలలోనే ఉంటారు. నేను వెళ్లే ఆసుపత్రికి రెండు రోజులు ప్రయాణం చేసి వచ్చేవారున్నారు. ముందు కర్ర కొన పట్టుకుని మనవరాలు నడుస్తుంది, వెనుక కొన పట్టుకుని తాత వస్తాడు. ఆ పిల్లకు బడి మానిపించి మూడేళ్లయిందని నర్సు చెప్పినప్పుడు, ఆ ఇంట్లో శుక్లం ఒక్కరికి వచ్చినది కాదని తెలుస్తుంది.

ఇంకొక మాట. వేలూరు ఆసుపత్రిలో వైద్యం పొందని కుటుంబం చిత్తూరు జిల్లాలో అరుదు. దాన్ని 1900లో ఒకే పడకతో మొదలుపెట్టిన ఐడా స్కడర్ అమెరికా దేశస్థురాలు. ఆమె జీవితమంతా తానే సూది గుచ్చుతూ కూర్చుని ఉంటే ఆ పని ఆమెతోనే ముగిసేది. 1909లో నర్సుల బడి, 1918లో ఆడపిల్లలకు వైద్య పాఠశాల పెట్టడం వల్ల అది మన చేతికి వచ్చింది. ఎవరో సముద్రం దాటి వచ్చి నేర్పిన చదువు తిని పెరిగిన జిల్లా మనది. మనం దాటి వెళ్లకూడదనడం నాకు నోరు రాని మాట.

అయితే సొంత జిల్లాలో ఒక్క పల్లెకూ వెళ్లి కళ్లు చూడని సర్జన్ నేరుగా ఆఫ్రికాకు విమానం ఎక్కడాన్ని నేను మెచ్చుకోను. అది సేవ కన్నా విహారానికి దగ్గరగా ఉంటుంది. చూపు కోసం సరిహద్దు దాటడం ఒక్కవైపు నడిచే దారి కాదని కూడా గుర్తుంచుకోవాలి. బీహార్, ఉత్తరప్రదేశ్ సరిహద్దు జిల్లాల పేదలు వేల సంఖ్యలో నేపాల్‌లోని లహాన్, భైరహవా కంటి ఆసుపత్రులకు వెళ్లి శుక్లాలు తీయించుకుంటున్నారు.

శుక్లం ముదిరేదాకా ఆగాలంటారు, నిజమేనా?

ఒకప్పుడు నిజం, ఇప్పుడు కాదు. కంటిలోని సహజమైన లెన్సు మసకబారడమే శుక్లం. పూర్వం ఆ లెన్సును సంచితో సహా బయటకు లాగి, సోడాబుడ్డి అద్దాలు ఇచ్చి పంపేవారు. దానికి పొర గట్టిపడటం అనుకూలం. ఇప్పుడు సంచిని ఉంచి, లోపలి గుజ్జును మాత్రం తీసి, అందులో కృత్రిమ లెన్సు పెడతారు. లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ 1949 నవంబరు 29న తొలిసారి అటువంటి లెన్సు పెట్టారు. యుద్ధవిమానాల అద్దాలు పగిలి పైలట్ల కళ్లలో దిగిన ప్లాస్టిక్ ముక్కలను కన్ను తిరస్కరించకపోవడం గమనించి ఆయన ఆ ఆలోచన చేశారు. ఈ పద్ధతిలో పొర మరీ ముదిరితే ఆపరేషన్ కష్టమవుతుందే తప్ప తేలిక కాదు, ఒక్కోసారి కంటిలో ఒత్తిడి పెరిగి విపరీతమైన నొప్పి కూడా వస్తుంది. రోజువారీ పనికి ఇబ్బంది మొదలైతే అదే సమయం. చలికాలంలోనే చేయించుకోవాలన్నదీ, వంకాయ తినకూడదన్నదీ కూడా పాత కుట్ల కాలం నాటి మాటలే.

ఇక్కడ ఫేకో చేస్తూ అక్కడ చేతి కోతతో చేయడం పేదవారికి తక్కువ రకం వైద్యం అందించడం కాదా?

కాదు. ఈ అనుమానం వైద్య విద్యార్థులకు కూడా ఉంటుంది కాబట్టి వివరించాలి.

ఫేకో అంటే సుమారు రెండున్నర మిల్లీమీటర్ల కోత గుండా సన్నని సూది పంపి, అతిధ్వని కంపనాలతో లెన్సును నుగ్గుచేసి పీల్చడం. పళ్ల డాక్టరు గార తీసే యంత్రాన్ని చూసి చార్లెస్ కెల్మన్‌కు తట్టిన ఈ ఆలోచన 1967లో పద్ధతిగా రూపుదిద్దుకుంది. మెత్తని శుక్లానికి ఇది చక్కగా ఉంటుంది. కానీ నేను అక్కడ చూసే శుక్లాలలో చాలావరకు గోధుమరంగు తిరిగి చింతగింజలా గట్టిపడినవే. వాటిని నుగ్గు చేయడానికి యంత్రం శక్తి పెంచితే ఆ వేడికి కార్నియా దెబ్బతింటుంది. పైగా యంత్రం పాడైతే బాగుచేసే ఇంజనీరు ఆ జిల్లాలో లేడు, ప్రతి కేసుకూ కావలసిన గొట్టాలు, కేసెట్లు కొనే డబ్బు ఆ ఆసుపత్రికి లేదు.

అక్కడ నేను చేతితో చేసే చిన్నకోత పద్ధతిలో కంటి తెల్లగుడ్డులో ఆరేడు మిల్లీమీటర్ల సొరంగంలాంటి దారి చేసి, దాని గుండా శుక్లాన్ని ముక్క చేయకుండా బయటకు తెస్తారు. సొరంగం ఏటవాలుగా ఉండటం వల్ల లోపలి ఒత్తిడికే దాని పెదవులు మూసుకుంటాయి, కుట్టు అక్కరలేదు. దీన్ని ఇంత విస్తృతంగా వాడుకలోకి తెచ్చినవారిలో నేపాల్‌కు చెందిన సందుక్ రుయిత్ ముఖ్యులు. ఆయన చదువు మన లక్నో, ఢిల్లీలలోనే సాగింది. 2007లో ఆయన బృందం రెండు పద్ధతులనూ పోల్చి ప్రచురించిన అధ్యయనంలో ఆరు నెలల తరువాతి చూపు ఇంచుమించు సమానంగా ఉంది. ఫేకోకు సగటున పదిహేను నిమిషాలు పట్టగా చిన్నకోతకు తొమ్మిది నిమిషాలు పట్టింది.

లెన్సు ధర సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1992లో మదురైలో అరవింద్ వారి లెన్సుల తయారీ సంస్థ అరోల్యాబ్ మొదలుకాకముందు దిగుమతి లెన్సు ఒక్కటి వంద డాలర్ల దరిదాపుల్లో ఉండేది, అది పది డాలర్లకు దిగివచ్చింది. నేను టాంజానియాలో విప్పే లెన్సు పెట్టెల మీద తమిళనాడు చిరునామా చూసినప్పుడు, ఇంతదూరం వచ్చి పక్కింటి సరుకే వాడుతున్నానని నవ్వు వస్తుంది.

రోజుకు ఎన్ని ఆపరేషన్లు చేస్తారు? ఎక్కువ చేస్తే ఎక్కువమందికి మేలు కదా?

కర్ణాటకకు చెందిన డాక్టర్ ఎం.సి. మోదీ ఒకే రోజు 833 శుక్లాల ఆపరేషన్లు చేసినట్టు గిన్నిస్ పుస్తకంలో నమోదైంది. లెన్సులు పెట్టని రోజులవి, ఇంకో దారి లేని ప్రజలకు ఆయన దేవుడితో సమానం. ఆ సంఖ్య మీద నాకు గౌరవమే తప్ప ఆశ లేదు. నేను అక్కడ రోజుకు ఇరవై దాటను. అందులోనూ సగం నేను చేసేవి కావు, అక్కడి సర్జన్ చేస్తుంటే నేను పక్క సూక్ష్మదర్శినిలోంచి చూసేవి. డాక్టరు డిగ్రీ లేకున్నా ప్రత్యేక శిక్షణ పొంది శుక్లం ఆపరేషన్లు చేసే క్యాటరాక్ట్ సర్జన్లు తూర్పు ఆఫ్రికా దేశాలలో ఉన్నారు, ఆ జిల్లాలో ఏడాది పొడవునా ఉండేది వారే. నేను పదిహేను రోజులలో ఆరు వందలు చేసి వచ్చేస్తే పదహారో రోజు నుంచి ఆ ఊరు మళ్లీ మొదటికి వస్తుంది. ఒక మనిషికి సొరంగం సరిగ్గా తవ్వడం నేర్పి వస్తే అతడు ఆ ఏడాదిలోనే అంతకన్నా ఎక్కువ చేస్తాడు. దాతలు మాత్రం ఇప్పటికీ అంకెలే అడుగుతారు.

ఏదైనా పొరపాటు జరిగితే ఎవరు చూస్తారు?

విదేశాలకు వెళ్లే ప్రతి సర్జన్ టికెట్ కొనేముందు తనను తాను అడగవలసిన ప్రశ్న ఇది.

1986లో ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జాలో జరిగిన ఒక కంటి శిబిరంలో 88 మందికి శుక్లాలు తీస్తే 84 మంది ఆ కన్నును శాశ్వతంగా పోగొట్టుకున్నారు. కన్ను కడగడానికి వాడిన సెలైన్‌తో లోపలికి చేరిన క్రిములే కారణమన్నది విచారణలో వచ్చిన మాట. ఆ కేసులో సుప్రీంకోర్టు 1989లో తీర్పు ఇచ్చింది. బడి గదుల్లో, షామియానాల కింద ఆపరేషన్లు చేసే పద్ధతిని మన దేశం క్రమంగా వదిలి, శిబిరంలో పరీక్ష మాత్రం చేసి, రోగిని ఆసుపత్రికి తీసుకువచ్చి ఆపరేషన్ చేసే పద్ధతికి మారింది. మనం ఇంత నష్టపోయి నేర్చుకున్న పాఠాన్ని పాస్‌పోర్టు మీద ముద్ర పడగానే మరిచిపోవడం తప్పు. తిరుపతిలో ఏ గదిలో నేను కన్ను కోయనో, టాంజానియాలో కూడా ఆ గదిలో కోయను. పరికరాలను ఆవిరితో క్రిమిరహితం చేసే ఆటోక్లేవ్‌లో పెట్టిన సూచిక పట్టీ రంగు మారకపోతే ఆ రోజు ఆపరేషన్లు లేవు. ప్రతి కంటిలో ముందుగా క్రిములను చంపే ఐదు శాతం పోవిడోన్ అయొడిన్ చుక్కలు పడాలి. మరుసటి ఉదయం ప్రతి కన్నునూ చూడాలి, వారం తరువాతా నెల తరువాతా చూసే మనిషి అక్కడ ఉండాలి. ఆ మనిషి లేని చోటికి రమ్మన్న ఆహ్వానాలను నేను రెండుసార్లు తిరస్కరించాను.

నా పొరపాటు కూడా చెబుతాను. రెండో పర్యటనలో కంటి పొడవు కొలిచే ‘ఎ-స్కాన్’ అనే యంత్రం మూడో రోజున ఆగిపోయింది. కొలత లేకుండా లెన్సు పవర్ నిర్ణయించకూడదని తెలిసి కూడా, వరుసలో కూర్చున్న పద్నాలుగు మందిని వెనక్కి పంపలేక, అందరికీ సగటు పవర్ లెన్సు పెట్టాను. కంటి పొడవులో ఒక మిల్లీమీటరు తేడా వస్తే అద్దాల పవర్ లెక్కలో రెండున్నర నుంచి మూడు డయాప్టర్ల తేడా వస్తుంది. ఆ పద్నాలుగు మందిలో బట్టలు కుట్టి బతికే ఒకామెవి మామూలు కన్నా పొట్టి కళ్లు. ఆమెకు వెలుగు వచ్చింది, నడక వచ్చింది, కానీ సూది కన్ను కనిపించలేదు, ఎదుటివారి ముఖం కూడా తేటగా కనిపించలేదు. ఆ సంగతి నాకు నెల తరువాత అక్కడి నర్సు వాట్సాప్‌లో పంపిన పరీక్ష వివరాలతో తెలిసింది. ఇక్కడ గాంధీరోడ్డులో కళ్లజోడు చేయించి, అటు వెళ్లే ఒకరి చేతికి ఇచ్చి పంపడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. మూడు నెలల కుట్టుకూలి ఆమెకు పోయింది. రోగులను వెనక్కి పంపడం చేతకాకపోవడాన్ని నేను ఆరోజు దయ అనుకున్నాను. తరువాతి పర్యటన నుంచి రెండు యంత్రాలు తీసుకువెళుతున్నాను.

అనుమతులు, టీకాలు, సామాన్ల విషయంలో ఏం చూసుకోవాలి?

మన రాష్ట్ర వైద్య మండలి రిజిస్ట్రేషన్ విదేశంలో చెల్లదు. ఏ దేశానికి వెళితే ఆ దేశపు మండలి నుంచి తాత్కాలిక రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. టాంజానియాలో అది మెడికల్ కౌన్సిల్ ఆఫ్ టాంగన్యికా. మనల్ని పిలిచే ఆసుపత్రి ద్వారానే దరఖాస్తు చేయాలి, నెలల ముందే మొదలుపెట్టాలి. టూరిస్టు వీసా మీద వెళ్లి ఆపరేషన్లు చేసి వచ్చామని గొప్పగా చెప్పుకునేవారిని చూశాను. మన ఊళ్లో ఒక విదేశీయుడు అలా చేస్తే మనం పోలీసులను పిలుస్తాం.

యెల్లో ఫీవర్ ఉన్న దేశాల మీదుగా వెళ్లివచ్చేవారు టీకా పత్రం లేకుండా దిగితే మన విమానాశ్రయంలోనే ఆపి విడిగా ఉంచుతారు. టీకా వేయించుకున్న పది రోజుల తరువాతే ఆ పత్రం చెల్లుతుంది కనుక ప్రయాణానికి ముందురోజు పరుగెత్తితే లాభం లేదు. మలేరియా మాత్రలు తప్పవు. దానంగా తీసుకువెళ్లే మందులకు అక్కడికి చేరేనాటికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే నియమం. మన షాపులో అమ్ముడుపోని సరుకు వదిలించుకోవడానికి అది చోటు కాదు.

భాష, తిండి ఇబ్బంది కాలేదా?

చిత్తూరు జిల్లా ఓపీలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఒకే ఉదయం మాట్లాడిన నోటికి స్వాహిలీ మరీ భయపెట్టలేదు. జూ అంటే పైకి, చీని అంటే కిందికి, కులియా కుడి, కుషోటో ఎడమ. ఈ నాలుగు మాటలతో కంటి పరీక్ష సాగుతుంది. సూది ఇచ్చాక రోగి మెలకువతోనే పడుకుని ఉంటాడు కాబట్టి, భయపడవద్దని వారి భాషలో చెప్పే మనిషి తల దగ్గర ఉండటం మాత్రం తప్పనిసరి. తిండి విషయానికి వస్తే, మొక్కజొన్న పిండితో కెలికే ఉగాలి మన సంగటికి సొంత చెల్లెలు. రాగి రంగు లేదంతే. ఊరుమిండి పచ్చడి సీసా ఒకటి పెట్టెలో ఉంటే మూడు వారాలు ఇట్టే గడుస్తాయి.

ఖర్చు ఎవరు భరిస్తారు?

విమానం టికెట్, వీసా, రిజిస్ట్రేషన్ రుసుము నావి. బస, భోజనం ఆ ఆసుపత్రివి. లెన్సులు, మందులు దాతలవి. ఆ మూడు వారాలు ఇక్కడ నా క్లినిక్ ఆదాయం ఉండదు. ఈ పనితో డబ్బు రాదు, కానీ పేరు వస్తుంది. ఆ పేరు చూసి ఇక్కడ రోగులు పెరుగుతారన్నది కూడా నిజమే కనుక, ఇది పూర్తి త్యాగమని చెప్పుకోను.

పీజీ చదువుతుండగానే రావచ్చా?

చూడటానికి, రోగులను పరీక్షించడానికి, లెక్కలు రాయడానికి రావచ్చు. ఆపరేషన్ చేయడానికి రాకూడదు. ఇక్కడ పర్యవేక్షణ లేకుండా చేయడానికి అర్హత లేని పని అక్కడ చేయడానికి అర్హత దూరం వల్ల రాదు. చిన్నకోత పద్ధతిలో కనీసం అయిదారు వందల కళ్లు సొంతంగా చేసి, మీ ఫలితాలు మీరే రాసిపెట్టుకున్నాక రండి. ఆపరేషన్ తరువాత చూపు 6/18 (మామూలు కన్ను 18 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని 6 మీటర్ల నుంచి చదవగలగడం) లేదా అంతకు మెరుగ్గా ఉన్నవారు వందకు ఎనభై దాటాలని, 6/60 కన్నా తక్కువగా మిగిలినవారు ఐదు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన కొలబద్ద ఒకటి ఉంది. ముందు దానితో మిమ్మల్ని మీరు కొలుచుకోండి.

డాక్టర్లు కానివారు చేయగలిగినది ఏదైనా ఉందా?

చాలా ఉంది. ఆప్టోమెట్రీ చదివినవారు, ఆపరేషన్ థియేటర్ నర్సులు, అన్నిటికన్నా ముఖ్యంగా పరికరాలు బాగుచేసే బయోమెడికల్ టెక్నీషియన్లు. ఆగిపోయిన సూక్ష్మదర్శినికి బల్బు, ఫ్యూజు మార్చి మూడు రోజులలో నడిపించిన తిరుపతి కుర్రవాడు ఒక పర్యటనలో నాకన్నా ఎక్కువమందికి చూపునిచ్చాడు.

ఇంట్లో పాత కళ్లజోళ్లు ఉన్నాయి, తీసుకువెళతారా?

వద్దు. ఒకరి పవర్ మరొకరికి సరిపోదు. వాటిని కడిగి, కొలిచి, వర్గీకరించి, మోసుకుపోయే ఖర్చుతో కొత్తవి కొనవచ్చు. నలభై దాటినవారి చత్వారానికి తయారుగా దొరికే దగ్గరి చూపు అద్దాలు చౌక, ఉపయోగమూ ఎక్కువ. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకు అటువంటి అద్దాలు ఇచ్చి చూస్తే, అద్దాలు లేనివారితో పోల్చినప్పుడు వారు కోసే ఆకు సుమారు ఐదో వంతు పెరిగినట్టు 2018లో వెలువడిన అధ్యయనం తేల్చింది. మీరు డబ్బు ఇవ్వదలిస్తే వాటికి ఇవ్వండి.

ఆపరేషన్ చేసిన అందరికీ చూపు వస్తుందా?

రాదు. శుక్లం వెనుక ఏముందో ముందు చూడాలి. టార్చి వెలుగుకు కనుపాప కదలకపోతే, వెలుగు ఏ వైపు నుంచి వస్తున్నదో రోగి చెప్పలేకపోతే, లోపల నరం దెబ్బతిని ఉండవచ్చు. ఆ నరాన్ని దెబ్బతీసే నీటికాసుల జబ్బు (గ్లాకోమా) ఆఫ్రికా ప్రజలలో చిన్న వయసులోనే మొదలై తీవ్రంగా ఉంటుంది, దానితో పోయిన చూపు ఏ ఆపరేషన్‌తోనూ తిరిగిరాదు. రెండు రోజులు నడిచి వచ్చినవారికి ఆ మాట చెప్పడం ఈ పనిలో నాకు ఇప్పటికీ అలవాటు కాని భాగం. మొదట్లో చుక్కల మందు ఒకటి చేతిలో పెట్టి పంపేసేవాడిని. అది నా ఇబ్బంది తప్పించుకోవడానికే అని అక్కడి పెద్ద నర్సు ముఖం మీదే చెప్పింది. ఇప్పుడు పక్కన కూర్చుని, అనువాదం చేసే మనిషిని పెట్టుకుని, చూపు రాదన్న సంగతీ, ఇంట్లో మిగతావారికి పరీక్ష అవసరమన్న సంగతీ చెబుతాను.

పుట్టుకతో శుక్లాలు ఉన్న పిల్లల విషయం ఇంకా సున్నితం. మెదడు చూడటం నేర్చుకునే తొలి నెలలు, ఏళ్లు దాటిపోతే కన్ను బాగుచేసినా చూపు పూర్తిగా నిలవదు. వారికి పూర్తి మత్తు ఇవ్వాలి, ఆపైన ఏళ్ల తరబడి అద్దాలు మారుస్తూ ఉండాలి. అందుకే పిల్లలను నేను అక్కడ ముట్టుకోను, పెద్ద నగరంలోని పిల్లల కంటి విభాగానికి పంపే ఏర్పాటు చేస్తాను.

మా వాళ్ల కళ్లు దానం చేస్తే అక్కడికి తీసుకువెళతారా?

కార్నియా మన దగ్గరే చాలడం లేదు, ఇక్కడే వాడతారు. శ్రీకాళహస్తిలో కన్నప్ప గుడికి మొక్కి వచ్చేవారు కూడా చావు ఇంట్లో ఈ మాట ఎత్తితే ముఖం తిప్పుకోవడం నాకు వింతగా తోస్తుంది. ఆయన బతికుండగా పెకలించి ఇచ్చాడు, మనల్ని అడుగుతున్నది పోయిన తరువాత. ప్రాణం పోయిన ఆరు గంటలలోపు కంటిబ్యాంకువారు రావాలి. అప్పటిదాకా రెప్పలు మూసి, తడి దూది పెట్టి, ఫ్యాను ఆపి, తల కింద దిండు పెట్టి ఉంచితే చాలు. మధుమేహం ఉన్నవారూ, కళ్లజోడు వాడినవారూ, శుక్లం తీయించుకున్నవారూ ఇవ్వవచ్చు.

పట్టీ విప్పే క్షణం వీడియోలు ఎందుకు పెట్టరు?

మొదటి పర్యటనలో తీశాను. తిరిగి వచ్చాక మా అమ్మాయి చూసి, ఆ ముసలావిడను అడిగి తీశావా నాన్నా అని అడిగింది. అడగలేదు. చూపులేని మనిషికి ఎదురుగా కెమెరా ఉన్నదని కూడా తెలియదు. రుయాలో మన బంధువు పట్టీ విప్పుతుంటే ఎవరో విదేశీయుడు ఫోను పట్టుకుని నిలబడితే ఎలా ఉంటుందో ఆలోచించి ఆ వీడియో చెరిపేశాను.

మళ్లీ ఎప్పుడు వెళుతున్నారు? ఎప్పటిదాకా వెళతారు?

వచ్చే ఏడాది జూన్‌లో, అక్కడి వానలు తగ్గాక వెళ్లాలని అనుకుంటున్నాం. అక్కడి క్యాటరాక్ట్ సర్జన్ కిందటి వారం తన ఆపరేషన్ వీడియో ఒకటి పంపాడు. నల్లగా ముదిరిన శుక్లం, లోపలి సంచి బలహీనంగా ఉన్న కన్ను, నేనైతే కొంచెం తటపటాయించే కేసు. అతడు సొరంగం నాకన్నా పొడవుగా, శుభ్రంగా తీశాడు. ఎందుకు అలా తీశావని అడిగితే, మీ పద్ధతిలో తీస్తే ఇంత గట్టి శుక్లం బయటకు వచ్చేటప్పుడు పెదవులు చిరుగుతున్నాయి, అందుకే మార్చుకున్నాను అన్నాడు. ఈసారి పెట్టెలో నా కత్తులు పెట్టుకోవడం లేదు. యంత్రం విడిభాగాలు, రెండు వందల దగ్గరి చూపు అద్దాలు, అతడు అడిగిన ఊరుమిండి పచ్చడి రెండు సీసాలు తీసుకువెళుతున్నాను.